టెకె అని కొడితే

బుధవారం పొద్దున్న కర్లిగాష్ పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదికల్లా ఆఫీసులో ఉండాలి. పదిలోగా టైపింగు కోర్సులో పద్నాలుగో పాఠం ముగించాలి. భోజనాల వేళ లోపల మేకపోతుల ఉత్తరం పంపించాలి. మూడూ అనుకున్న వేళకే అయిపోయాయి. అసలు చిక్కు అదే. ఏ ఒక్కటి ఆలస్యమైనా ఈ కథ ఉండేది కాదు.

కోక్‌జొటా జిల్లా వ్యవసాయ శాఖలో ఆమె ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. అన్నేళ్లూ రెండే రెండు వేళ్లతో నెట్టుకొచ్చింది. మిగతా ఎనిమిది వేళ్లూ ఆఫీసుకి ఊరికే వచ్చి వెళ్లేవి. కిందటి నెల పైనుంచి సర్క్యులర్ దిగింది. నిమిషానికి నలభై మాటలు కొట్టగలిగినట్టు, కార్యాలయ లేఖలు రాయడం వచ్చినట్టు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. గడువు ఈ శుక్రవారం సాయంత్రం నాలుగు. తేలేని వాళ్లకి ఉజిన్‌సాయ్ రికార్డు గదికి బదిలీ. ఉజిన్‌సాయ్ తొంభై కిలోమీటర్ల దూరం. బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది, మంచు పడితే అదీ రాదు.

"ఇవాళ ఎంత?" అన్నాడు భర్త యెర్‌గాలి, పాలు కలిపిన టీ గిన్నె అందుకుంటూ. జ్వరం ఎంతుందని అడిగినట్టే అడిగాడు.

"నిన్న పంతొమ్మిది."

"మొన్న?"

"మొన్నా పంతొమ్మిదే. ఇంకేం కావాలి, చెప్పు?"

"మా అమ్మ ఒక చేత్తో పిండి కలుపుతూ రెండో చేత్తో నన్ను బాదేది. లెక్కేస్తే నిమిషానికి నలభైకి తగ్గేది కాదు."

"అయితే ఆవిణ్ణే పంపు ఆఫీసుకి. సర్టిఫికెట్ కూడా ఆవిడే తెస్తుంది."

యెర్‌గాలి రొట్టె ముక్క టీలో ముంచి కాసేపు అలాగే పట్టుకున్నాడు. "వేళాకోళం కాదే. నువ్వు ఉజిన్‌సాయ్ పోతే ఈ ఇంట్లో నాతో దెబ్బలాడటానికి ఎవరుంటారు? నాకు దిగులుగా ఉంది," అన్నాడు. కర్లిగాష్‌కీ దిగులుగానే ఉంది. పైకి మాత్రం, "రొట్టె కరిగిపోతోంది, చూసుకో," అని బయల్దేరింది.

కోర్సు ఆన్‌లైన్‌లో. పాఠాలు చెప్పేది జిబెక్ అనే చిన్నది, అల్మాటీలో కూర్చుని స్క్రీనులోంచి చెబుతుంది. "ఆపాయ్‌లారా, చేతుల మీద గుడ్డ కప్పుకోండి. కీబోర్డు వంక చూడొద్దు, స్క్రీను వంక చూడొద్దు. వేళ్లని నమ్మండి," అన్నది ఆ పిల్ల మొదటి పాఠం. మాలో పెద్ద ఆడవాళ్లని ఆపాయ్ అని పిలుస్తారు. కర్లిగాష్ ఆ మాటని నమాజులా పాటించింది. పువ్వుల తలగుడ్డ తీసి చేతుల మీద కప్పుకుని, గోడ మీది గడియారం వంక చూస్తూ కొట్టేది.

"ఎవరే పోయింది ఆ గుడ్డ కింద?" అంది ఎదురు బల్ల రౌషన్. ఆమె జిల్లాలో పశువుల లెక్క రాస్తుంది. మనుషులతో మాట్లాడటం ఆ పశువులతో మాట్లాడినంత మొహమాటం లేకుండా ఉంటుంది.

"నా రెండు వేళ్లు పోయాయి. మిగతా ఎనిమిదీ ఇప్పుడే పుడుతున్నాయి."

పద్నాలుగో పాఠం పేరు 'వేళ్లకి విశ్రాంతి'. "మీరు రోజంతా ఎక్కువసార్లు కొట్టే మాట ఏది, ఆపాయ్‌లారా? దానికో పొట్టి పేరు పెట్టి యంత్రానికి నేర్పండి. మీరు పొట్టి మాట కొడితే అది పొడుగు మాట వేస్తుంది," అంది జిబెక్. కర్లిగాష్ ఆలోచించాల్సిన పనే లేకపోయింది. ఇరవై రెండేళ్లలో ఆమె ఎక్కువసార్లు కొట్టింది మొగుడి పేరూ కాదు, పిల్లల పేర్లూ కాదు. శాఖాధిపతి పేరు. ఉత్తరంలో ఎక్కడ వచ్చినా అది ఒకే తీరుగా రావాలని ఆయన ఆజ్ఞ: 'పరమ గౌరవనీయులు, కోక్‌జొటా జిల్లా వ్యవసాయ శాఖాధిపతులు, రెండు పతకాల గ్రహీత టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు'. మొత్తం పన్నెండు మాటలు.

పన్నెండు మాటలంటే ఎంతపని అనిపించవచ్చు. మా కజకు కీబోర్డు సంగతి తెలియని వాళ్లకి అలాగే అనిపిస్తుంది. మాకంటూ ప్రత్యేకంగా ఉన్న అక్షరాలకి కింద చోటు చాలక, వాటిని తీసుకెళ్లి అంకెల వరసలో కూర్చోబెట్టారు. 'గౌరవనీయులు' అన్న ఒక్క మాటకే వేళ్లు రెండుసార్లు మేడెక్కి దిగాలి. మా దగ్గర గౌరవమంతా పై వరసలోనే ఉంటుంది. కర్లిగాష్ వేళ్లు జారేదీ అక్కడే.

నోటితో మాత్రం ఆయన్ని ఎవరూ అంత పొడుగ్గా పిలవరు. పెద్దవాళ్ల పేరులో ముందు ముక్క తీసుకుని 'కె' తగిలించి పిలవడం మాలో మర్యాద. టెమిర్‌ఖాన్ కాబట్టి టెకె. మా భాషలో టెకె అంటే మేకపోతు కూడా. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసునని ఆయనకీ తెలుసు. పేరు పెట్టింది తల్లిదండ్రులు, మర్యాద పెట్టింది పూర్వీకులు, ఇప్పుడెవర్నని ఏం లాభం? ముప్పై ఏళ్లుగా జిల్లా జిల్లా అంతా నవ్వు బిగబట్టుకుని టెకె, టెకె అని గౌరవిస్తోంది.

కర్లిగాష్ యంత్రానికి అదే నేర్పింది. టెకె అని కొడితే పన్నెండు మాటలూ వచ్చి పడాలి. పడ్డాయి. ఆమె ముఖం వెలిగిపోయింది.

సరిగ్గా అప్పుడే టెమిర్‌ఖాన్ ఒస్పానులి కోటు తొడుక్కుంటూ లోపలికి వచ్చాడు. ప్రాంతీయ కేంద్రంలో రెండు రోజుల సమావేశం, కారు బయట ఆగి ఉంది. "కర్లిగాష్, రాసుకో. సంతానపు మేకల క్షేత్రానికి. ఇది ఆరో ఉత్తరం. ఐదింటికి జవాబు లేదు. ఈసారి గట్టిగా ఉండాలి," అంటూ గడ్డం నిమురుకుని, గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పసాగాడు. కర్లిగాష్ గడియారం వంక చూస్తూ గుడ్డ కింద పది వేళ్లూ ఆడించింది. ఆయన ఆపిన చోటల్లా ఆమె కూడా ఆపింది. ఇరవై రెండేళ్లలో అది మొదటిసారి.

"అయిందా?" అన్నాడాయన నమ్మలేక.

"అయింది, టెకె."

"భేష్. పంపే ముందు ఒకసారి చూసుకో. మేకలు ఊళ్లకి పంచాలి కాబట్టి పదిహేడు ఊళ్ల పెద్దలకీ నకళ్లు పోవాలి. ఇదిగో నా సంతకం." ఎలక్ట్రానిక్ సంతకం ఉన్న పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

చూసుకోమన్న మాట ఆమె విననిది కాదు. కానీ స్క్రీను మూల వేగం చూపించే అంకె ఒకటి ఉంది, కళ్లు ముందు దాని మీద పడ్డాయి. యాభై ఎనిమిది. యంత్రం తను వేసిన మాటల్ని కూడా ఆమె ఖాతాలోనే వేసింది. యాభై ఎనిమిది చూశాక ఉత్తరం ఏం కనిపిస్తుంది? "రౌషన్, యాభై ఎనిమిదే!" అని కేక పెట్టి, పెన్ డ్రైవ్ గుచ్చి, పద్దెనిమిది చోట్లకీ ఒక్క నొక్కుతో పంపేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. వేళ్లు దాటిన మాట అంతకంటే తొందరగా దాటుతుంది.

పదకొండింటికి మొదటి ఫోను వచ్చింది. ఆక్‌షొకీ ఊరి పెద్ద బెగాలి. టెమిర్‌ఖాన్‌కి స్వయానా వియ్యంకుడు.

"ఆపాయ్, ఉత్తరం చూశాను." గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "ఇది పైవాళ్ల నిర్ణయమేనా?"

"పైవాళ్లేమిటి, మా టెకె స్వయంగా చెప్పి రాయించారు."

"స్వయంగానే!" అవతల నిట్టూర్పు వినిపించింది. "ఎంత గుండె నిబ్బరం! మరి ముసలాయన్ని ఎప్పుడు తీసేస్తున్నారు?"

'ముసలాయన' అన్నమాట మా భాషలో ముసలి పశువుకీ సరిపోతుంది. కర్లిగాష్‌కి ఏ అనుమానమూ రాలేదు. "కొత్తవి దిగిన మర్నాడే. ఊరికే పెట్టుకుని మేపడం ఎందుకు?"

"పన్నెండా కొత్తవి? ఒక్కరి చోట్లో పన్నెండు మందా?"

"జిల్లా మొత్తానికి పన్నెండు ఏం సరిపోతాయి? మీ ఊరికి ఒకటి వస్తుంది. కొత్తలో పొడుస్తుంది. మొదటి వారం పాకలో కట్టేసి ఉంచండి."

"కట్టెయ్యాలా? పాకలో?"

"మరి ఇంట్లో కడతారా?"

"ఆపాయ్, ఒక్క మాట. ముసలాయన్ని నిజంగానే... కోతకేనా?"

"అంతకంటే ఇంకెందుకు పనికొస్తుంది? మాంసం మాత్రం చచ్చేంత గట్టిగా ఉంటుంది. పొద్దున్నే పొయ్యి మీద పడేస్తే సాయంత్రానికి ఉడుకుతుందేమో."

బెగాలి ఫోను పెట్టేశాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో పదిహేడు ఊళ్లలోనూ సంగతి తెలిసిపోయింది. ఉడికించడం గురించి విన్నవాళ్లు అది ఏదో పాత సామెత అయి ఉంటుందని సర్దుకున్నారు. టెకెని ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు, పాపం, ఉత్తరం ఆయన చేతే రాయించారు, అన్నది మాత్రం ఖాయమైంది.

పదకొండున్నరకి మేకల క్షేత్రం నుంచి జవాబు వచ్చింది. ఐదు ఉత్తరాలకి మూడేళ్లు పలకని వాళ్లు ఆరో దానికి గంటన్నరలో పలికారు. కర్లిగాష్ సంతోషంగా తెరిచింది. 'మీ లేఖ అందినది. తమరు కోరిన టెమిర్‌ఖాన్ ఒస్పానులి గార్లు పన్నెండు మంది మా మందలో లేరు. మేమెరిగినంత వరకు దేశంలో ఒక్కరే ఉన్నారు, వారు తమ వద్దనే ఉన్నారు. వారికి కొమ్ములున్నవో లేవో మాకు తెలియదు. వివరణ కోరుచున్నాము. ఉల్‌బోసిన్, డైరెక్టరు.'

కర్లిగాష్ తలగుడ్డ పక్కన పడేసి, తను పంపిన ఉత్తరం తెరిచి చూసుకుంది. మా భాషలో మనిషికీ పశువుకీ క్రియ ఒక్కటే. అంకె పక్కన బహువచనం కూడా రాదు, పన్నెండు ఉన్నా పన్నెండు టెకె అనే అంటాం. చదివినవాడు మర్యాదస్థుడైతే ఆ ఉత్తరం ఇలా ఉంటుంది:

'మా జిల్లాలో మిగిలిన ఒకే ఒక ముసలి పరమ గౌరవనీయులు, కోక్‌జొటా జిల్లా వ్యవసాయ శాఖాధిపతులు, రెండు పతకాల గ్రహీత టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు ఇక దేనికీ పనికిరారు. పళ్లు ఊడిపోయినవి. మంద వెంట నడవలేరు. దగ్గరకు పోయిన పొడుచుచున్నారు. కావున రెండు మూడేండ్ల వయసు, గట్టి కొమ్ములు, ఒంటి నిండా బొచ్చు కలిగిన పన్నెండు పరమ గౌరవనీయులు, కోక్‌జొటా జిల్లా వ్యవసాయ శాఖాధిపతులు, రెండు పతకాల గ్రహీత టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు పంపగలరు. కొత్తవి అందిన వెంటనే పైన చెప్పిన ముసలివారిని కోతకు పంపెదము.'

"అమ్మో, అమ్మో! నా కొంప మునిగింది!" అంది కర్లిగాష్. రౌషన్ వచ్చి చదివింది. చదివి, పశువుల లెక్క పుస్తకంలో ముఖం దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చింది. కాసేపటికి అది ఏడుపు కాదని తెలిసింది.

"నవ్వుతావేమే! ఉజిన్‌సాయ్ కూడా ఇవ్వరు నాకు ఇప్పుడు!"

"సవరణ పంపు. తప్పు జరిగిందని రాసేస్తే సరిపోయె."

కర్లిగాష్ సవరణ రాసింది. కంగారులో అలవాటు కొద్దీ మళ్లీ గుడ్డ కప్పుకుంది. కళ్లేమో ఆగకుండా మోగుతున్న ఫోను మీద ఉన్నాయి. 'మా లేఖలో శాఖాధిపతి గారి పేరు ఉన్న ప్రతిచోటా టెకె అని చదువుకొనగలరు' అని కొట్టి, పద్దెనిమిది చోట్లకీ పంపింది. పంపాక చూసుకుంది. 'శాఖాధిపతి గారి పేరు ఉన్న ప్రతిచోటా పరమ గౌరవనీయులు, కోక్‌జొటా జిల్లా వ్యవసాయ శాఖాధిపతులు, రెండు పతకాల గ్రహీత టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు అని చదువుకొనగలరు.' మర్యాద తక్కువైందని కోపగించుకుని రెండో ఉత్తరం రాసినట్టుంది తప్ప ఇంకేమీ లేదు.

"ఆ పొట్టి పేరు తీసిపారెయ్యవే ముందు!" అంది రౌషన్.

"తీసెయ్యడం పదిహేనో పాఠం. రేపటిగ్గాని తెరుచుకోదు."

రౌషన్ ఆలోచించింది. కష్టకాలంలో తెలివి చూపించేవాళ్ల వల్లనే కష్టం పెద్దదవుతుంది. "బహువచనం కొట్టు! 'టెకెలు' అని నువ్వు నేర్పలేదుగా. నీ యంత్రం ముట్టుకోదు."

యంత్రం ముట్టుకోలేదు. ఏకవచనంలో అయితే మనిషో మేకో అన్న సందేహం ఉండేది, కాస్త మర్యాద మిగిలేది. మనిషిని ఎవరూ టెకెలు అనరు కాబట్టి బహువచనంలో మేకపోతులు తప్ప ఇంకో అర్థం లేదు. మూడో ఉత్తరం పన్నెండింటికి పోయింది: 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మా లేఖలలో టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు అని ఉన్న చోటనెల్ల మేకపోతులు అని గ్రహించవలెను.' కింద ఎలక్ట్రానిక్ సంతకం: టెమిర్‌ఖాన్ ఒస్పానులి. ఈసారి ఒక్క అక్షరం తప్పు లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కర్లిగాష్ ఆ పూట మళ్లీ కీబోర్డు ముట్టుకోలేదు. టెమిర్‌ఖాన్ ఫోను సమావేశంలో కట్టేసి ఉంది. గురువారం కూడా కట్టేసే ఉంది. గురువారం పదిహేనో పాఠం తెరుచుకుంది. ఆమె మొట్టమొదట టెకెని తీసేసి, ఆ తర్వాత వేగం చూసుకుంది. ముప్పై ఒకటి. పది వేళ్లూ కదులుతున్నాయి, పంతొమ్మిది నుంచి ముప్పై ఒకటికి వచ్చింది, అది తక్కువేం కాదు. అయినా ముప్పై ఒకటి నలభై కాదు. సాయంత్రం తన టీ గిన్నె కడిగి కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"మళ్లీ పెట్టుకోవే. రేపు పరీక్ష రాసేసి అప్పుడు తీసెయ్," అంది రౌషన్. నవ్వింది తనే కాబట్టి ఆమెకి కాస్త పాపభీతి పట్టుకుంది.

"ఆ యాభై ఎనిమిది నావి కావే. ఆయనవి. ఆయన పేరు చెప్పుకుని నెగ్గితే నాకు నిద్రపట్టదు."

శుక్రవారం రెండింటికి ఆఫీసు ఆవరణలో కార్లు ఆగడం మొదలైంది. బెగాలి, అతని వెనక ఎనిమిది ఊళ్ల పెద్దలు దిగారు. బెగాలి చేతిలో బంగారు దారంతో కుట్టిన ఛపాన్ ఉంది, కాళ్ల దాకా వచ్చే అంగీ. పెద్దమనిషి కొలువు దిగిపోతుంటే భుజాల మీద ఛపాన్ కప్పి సాగనంపకపోతే ఊళ్లకే తలవంపులు. రెండున్నరకి టెమిర్‌ఖాన్ కారు వచ్చింది. ఆయన దిగీ దిగకముందే బెగాలి ఛపాన్ కప్పేసి గట్టిగా కౌగిలించుకున్నాడు. "బాధపడకు, వియ్యంకుడా. పదవులు వస్తాయి, పోతాయి. కోతా గీతా అని ఏవేవో రాయించారు, మేం నమ్మలేదులే!" అన్నాడు.

టెమిర్‌ఖాన్ ఏమీ అనేలోపు గేటులోంచి లారీ లోపలికి వచ్చింది. వెనక తలుపు తెరిచారు. పన్నెండు మేకపోతులు ఒకదాని తర్వాత ఒకటి దూకాయి. అన్నీ రెండు మూడేళ్లవి, గట్టి కొమ్ములవి, ఒంటి నిండా బొచ్చున్నవి. ప్రతిదాని మెడలోనూ ఒక అట్ట వేలాడుతోంది. అట్ట మీద 'టెమిర్‌ఖాన్ ఒస్పానులి గారు', పక్కన ఒకటి నుంచి పన్నెండు దాకా అంకె. కోరిన పేరు ఏదైతే పంపిన కాగితం మీదా అదే పేరుండాలి, నిబంధన.

ఊళ్ల పెద్దలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కిటికీలో నుంచి చూస్తున్న కర్లిగాష్ గిన్నె ఉన్న సంచి చేతిలోకి తీసుకుంది. టెమిర్‌ఖాన్ ఛపాన్ సర్దుకుని, గడ్డం పైకెత్తి, పన్నెండింటి మధ్యా మెదలకుండా నిలబడ్డాడు. మేకపోతు గాంభీర్యం అన్న మాట విన్నవాళ్లే గాని, ఒకేసారి పదమూడింతలు చూసినవాళ్లు ఆ రోజు దాకా జిల్లాలో లేరు.

లారీ ముందు సీటులోంచి డెబ్బై రెండేళ్ల ఉల్‌బోసిన్ దిగింది. క్షేత్రం మొత్తాన్నీ ఆడించే మనిషి. ఆవిడకి ఎవరన్నా జంకు లేదు. "ఏం తమ్ముడూ, బాగున్నావా? ఊళ్ల మీదుగా పైకి పోయిన నీ ఉత్తరం నిన్న సమావేశంలో ప్రాంతీయ పెద్దాయనే చదివి వినిపించాట్టగా?"

"వినిపించారు." టెమిర్‌ఖాన్ గడ్డం నిమురుకున్నాడు. "రెండుసార్లు. హాలంతా నవ్వారు. రెండోసారి నేనూ నవ్వాల్సి వచ్చింది. మూడేళ్లుగా అడుగుతున్నా ఇవ్వలేదని అప్పుడు చెప్పాను. ఆయన అక్కడికక్కడే మీకు ఫోను చేశారు."

"మూడేళ్లుగా అడిగావా? ఎప్పుడడిగావయ్యా?"

"ఐదు ఉత్తరాలు రాశాను అక్కా!"

"అవా!" ఉల్‌బోసిన్ నుదురు కొట్టుకుంది. "తెరిస్తే నీ పేరు, మడిస్తే నీ పేరు. రెండు లైన్లు చదివితే మళ్లీ నీ పేరు, పతకాలు. నౌరూజ్ పండగ శుభాకాంక్షలేమో అనుకుని ఐదింటినీ శుభాకాంక్షల ఫైల్లో పెట్టించాను. నిజం చెప్పనా? చివరిదాకా చదివింది ఈ ఆరోదొక్కటే. కొమ్ములు అని కనిపించింది కాబట్టి చదివాను."

టెమిర్‌ఖాన్ మింగలేక కక్కలేక మేకల వంక చూశాడు. తర్వాత మెట్లెక్కి తిన్నగా కర్లిగాష్ గదిలోకి వచ్చాడు. ఛపాన్ భుజాల మీదే ఉంది. ఆమె లేచి నిలబడింది. గిన్నె ఉన్న సంచి చేతిలోనే ఉంది.

"నేనే వెళ్లిపోతాను, టెకె. మీరు నోటితో అనక్కర్లేదు," అంది. కళ్లనిండా నీళ్లు.

"ఎక్కడికి? మేకలు ముట్టినట్టు ఉత్తరం ఎవడు రాస్తాడు?" అన్నాడాయన చిరాకుగా. "నీ పరీక్షెప్పుడు?"

"ఇప్పుడే. పది నిమిషాలు ఏదైనా నిజం ఉత్తరం కొట్టాలి. నాలుగయితే మూసేస్తారు."

"అయితే అదే కొట్టు. ఆవిడ తీసుకుపోతుంది."

గడియారం మూడూ నలభై ఐదు చూపిస్తోంది. కర్లిగాష్ గుడ్డ కప్పుకుంది, ఈసారి స్క్రీను వంక చూస్తూ మొదలుపెట్టింది. పరమ, దిగడం. గౌరవనీయులు, మేడెక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. వేలు జారింది. కొట్టేసి మళ్లీ కొట్టింది. ఆయన పేరు మొదటిసారి పూర్తయ్యేసరికి మూల అంకె ఇరవై రెండు దగ్గరుంది. రెండోసారికి ఇరవై నాలుగు. రౌషన్ లేచి వచ్చి నిలబడింది. రెండు నిమిషాలు గడిచిపోయాయి. ఉత్తరంలో ఇంతవరకూ మేక ఒక్కటి కూడా రాలేదు.

టెమిర్‌ఖాన్ ఆమె భుజం మీదుగా తన పేరు తయారవడం చూస్తున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆ పని చూడటం ఇదే మొదలు. గౌరవనీయులు దగ్గర ఆమె వేలు మూడోసారి జారినప్పుడు ఆయనకే చెమట పట్టింది.

"ఇంత కష్టపడాలా దీనికి?" అన్నాడు మెల్లిగా.

"రోజూ పడేదే, టెకె."

"వద్దులే. టెకె అని కొట్టి ఊరుకో."

"ఉత్తరంలోనా?"

"ఉత్తరంలోనే. జిల్లా అంతా నోటితో అనేదే కదా. కొట్టు, టైమవుతోంది!"

కర్లిగాష్ వేళ్లు మేడ దిగి వచ్చేశాయి. కింది వరసల్లో పదీ పరిగెత్తాయి. ముప్పై. ముప్పై నాలుగు. మేకలు దిగాయి, కొమ్ములు బాగున్నాయి, కాళ్లలో సత్తువ ఉంది, పాకలు సిద్ధంగా ఉన్నాయి. ముప్పై ఎనిమిది. "ఊపిరి తీసుకోవే!" అంది రౌషన్. గంట మోగింది. స్క్రీను మీద జిబెక్ చప్పట్లు కొడుతూ ప్రత్యక్షమైంది. "నలభై ఒకటి! అభినందనలు ఆపాయ్!"

కర్లిగాష్ తలగుడ్డతో ముఖం మూసుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత యెర్‌గాలికి ఫోను చేసి, "ఇవాళ ఎంత అని అడుగు," అంది. అడిగాడు. విని, "అయితే సాయంత్రం దెబ్బలాడుకుందాం, త్వరగా రా," అన్నాడు. గిన్నె సంచిలోంచి తిరిగి బల్ల మీదికి వచ్చింది.

ముట్టినట్టు ఉత్తరం అచ్చు తీశారు. టెమిర్‌ఖాన్ ఒస్పానులి ఛపాన్ చేతులు పైకి మడిచి, బిరుదులు లేకుండా, పతకాలు లేకుండా, జీవితంలో మొదటిసారి ఒక్క మాటలో సంతకం పెట్టాడు. ఉత్తరం చివర 'పన్నెండు టెకె క్షేమంగా ముట్టినవి' అని ఉంది, దాని కింద ఆయన సంతకం ఉంది: టెకె.

మేకల క్షేత్రం వాళ్లు తమ పుస్తకంలో పదమూడు ముట్టినట్టు రాసుకున్నారు.